కళింగాంధ్రులపై అపవాదములు

శ్రోతలారా!

మన తెలుగుదేశమునకు ఈశాన్యమున, తూర్పుకనుమలకును సముద్రమునకును నడుమ, ఒక ఇరుకైన సీమ కలదు. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము అను మూడు జిల్లాల పేర చిరకాలము వ్యవహారమందుండి, 2022వ సంవత్సరమున ఆరు జిల్లాలుగా విభజింపబడిన ఈ ప్రదేశమును కొందరు ఉత్తరాంధ్రమనియు, కొందరు కళింగాంధ్రమనియు పిలుచుచున్నారు. ఈ సీమలోని ప్రజలనుగూర్చి తక్కిన తెలుగువారిలో వ్యాపించియున్న కొన్ని అపవాదములను చరిత్రదృష్టితో పరిశీలించుట నేటి నా ప్రసంగవిషయము.

ముందుగా ఒక మాట మనవి చేసికొందును. నేనును ఆ సీమవాడనే. నాగావళి నీరు త్రాగి పెరిగి, ముప్పది యేండ్లకు పైగా అక్కడి పల్లెబడులలో తెలుగు పండితుడనై పాఠములు చెప్పి, విశ్రాంతి గొన్నవాడను. తనవారి పక్షమున తాను మాటలాడువాని పలుకులో సగము తీసివేసి వినవలెనని లోకము చెప్పును. మీరును అట్లే వినుడు. మిగిలిన సగమునకైనను చరిత్రలో సాక్ష్యమున్నదో లేదో మాత్రము నిదానముగా చూడుడు.

అపవాదములు ముఖ్యముగా మూడు. కళింగాంధ్రులు వట్టి అమాయకులు, ఎవరేమన్నను తలవంచుకొని పోవు పిరికివారు అనునది మొదటిది. ఉన్న ఊరిని పట్టుకొని బ్రదుకలేక, మూట నెత్తిన పెట్టుకొని దేశముల వెంట తిరుగుదురు అనునది రెండవది. వారి మాట మోటు, విన్నంతనే నవ్వు పుట్టించును అనునది మూడవది. ఈ మూడింటిని కలిపి ఒక బొమ్మ చేసినారు. నాటకములందును, చలనచిత్రములందును ఇంటిపనివాడో, మందబుద్ధియో కావలసివచ్చినప్పుడు ఆ బొమ్మకు శ్రీకాకుళపు యాస తగిలించి రంగమున నిలబెట్టుట పరిపాటి యైనది. చూచువారు నవ్వుదురు. నవ్వినవారందరు దుష్టులని నేననను. అయినను పలుమారులు నవ్విన నవ్వు మెల్లగా నమ్మకమగును. నమ్మకము ఉద్యోగమిచ్చువాని మనస్సులోనికిని, ఉపాధ్యాయుని మనస్సులోనికిని ప్రవేశించును. తుదకు నవ్వబడువాడు సైతము దానిని నమ్మ మొదలిడును. అందుచేత దీనిని వట్టి వినోదమని విడిచిపెట్టరాదు.

మొదటి అపవాదమును చూతము.

ఈ నేల ప్రాచీన కళింగదేశములోని భాగము. అశోకుడు యుద్ధముచేసి జయించి, ఆ జయమునకు తానే వగచినది ఈ కళింగమునుగూర్చియే. వంశధారాతీరమున సాలిహుండమునందును, విజయనగరమునకు చేరువనున్న రామతీర్థమునందును, అనకాపల్లి దాపునగల శంకరమునందును బౌద్ధుల విహారములు, స్తూపములు నేటికిని చూడనగును. శ్రీకాకుళమండలములోని ముఖలింగమే తూర్పుగాంగుల రాజధానియైన కళింగనగరమని చరిత్రకారులు నిర్ణయించిరి. 1078లో పట్టాభిషిక్తుడైన అనంతవర్మ చోడగంగదేవుడు ఆ వంశమువాడే. పూరీలోని నేటి జగన్నాథాలయ నిర్మాణమునకు పూనుకొన్నవాడు ఆయనయే. కోణార్కమున సూర్యదేవాలయము కట్టించిన నరసింహదేవుడును ఆ సంతతివాడే.

ఇక పౌరుషమందురా, 1757 జనవరి 24వ తేదీని జరిగిన బొబ్బిలి యుద్ధమును ఎరుగని తెలుగువాడు లేడు. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులును, విజయనగరపు సేనలును కలిసి కోటను చుట్టుముట్టినప్పుడు లోనివారు లొంగిపోక మడిసిరి. ముప్పదియేడేండ్ల తరువాత, 1794 జూలై 10వ తేదీని, ఆ విజయనగరపు ప్రభువే, చిన విజయరామరాజు, కుంపిణీవారికి తలయొగ్గక పద్మనాభమువద్ద పోరి వీరస్వర్గ మలంకరించెను.

కాని రాజులకథలు చెప్పి ప్రజలను పొగడుట సులభమైన పని. కోటలోనివారు చచ్చిరి కాబట్టి కూలివాడు ధైర్యవంతుడని రుజువు కానేరదు. అందుచేత ఒక సామాన్యురాలి కథ చెప్పెదను. మందసా జమీందారీలో రైతులకు అడవిమీద హక్కు లేకుండెను. వంటచెరకునకును, నాగలికర్రకును అడవికి పోయినవారు నేరస్థులగుచుండిరి. 1940లో అక్కడి రైతులు ఈ నిర్బంధమును ఎదిరించిరి. ఏప్రిల్ 1వ తేదీని గుడారి రాజమణిపురమున రైతులను నిర్బంధించి తీసికొనిపోవుచున్న పోలీసులకు సాసుమాను గున్నమ్మ అను పల్లెపడుచు అడ్డుపడెను. ఆమె అప్పుడు నిండు గర్భిణి. కాల్పులు జరిగినవి. ఆమెయు, మరికొందరు రైతులును నేలకొరిగిరి. ఆమెకు చదువు లేదు, సేన లేదు, కోట లేదు. పొరుగువారిని పట్టుకొనిపోవుచుండగా చూచి ఊరకుండలేకపోయినది, అంతే. పిరికివారి ఊరిలో ఇట్టి ఆడది పుట్టునా?

కొందరు 'అమాయకులు' అనుమాటను మెచ్చుకోలుగానే వాడుదురు. పాపము, కల్లాకపటము తెలియనివారు అందురు. వినుటకిది తీయగానుండును. విచారించినచో ఈ జాలి ఎగతాళికి చెల్లెలు. అమాయకుడన్నచో తన మేలు తా నెరుగనివాడని తాత్పర్యము. తన మేలు తా నెరుగనివానితో సంప్రదింప పనిలేదు. వాని భూమిని, వాని కూలిని, వాని ఓటును గూర్చి ఇతరులే నిర్ణయింపవచ్చును. కొండప్రాంతపు సవరలకును, జాతాపులకును ఇట్లే జరిగినది. అమాయకులని పేరుపెట్టిన చేతులే వారి పొలములను అప్పులక్రింద వ్రాయించుకొన్నవి. గిరిజనుల భూములు ఇతరులపాలు గాకుండుటకు 1959లో నిబంధన చేసి, 1970లో దానిని మరింత కట్టుదిట్టము చేయవలసి వచ్చినదన్నచో, ఆ నడుమ ఆ కొండలలో ఎంత అలజడి చెలరేగినదో ఊహింపుడు.

బుద్ధి చాలదనువారికి ఆ సీమ చేతిపనియే బదులు చెప్పును. పొందూరు ఖద్దరు ఎట్లు తయారగునో చాలమంది ఎరుగరు. అక్కడి స్త్రీలు పత్తిలోని నలకలను తొలగించి పింజలను దువ్వుటకు ఇనుప దువ్వెనను వాడరు. వాలుగచేప దవడయెముకను వాడుదురు. దానియందు సన్నని పండ్లు వరుసగా, దట్టముగా ఉండును. ఇనుము పింజను త్రెంపును. ఈ ఎముక త్రెంపక దువ్వును. అట్లు దువ్వి, ఏకి, చిలుపచేసిన దూదిని ఒంటికదురు రాట్నముపై వడికినచో నూరవ నంబరు నూలు వచ్చును. గాంధీమహాత్ముడు ఈ వస్త్రమును చూచి మెచ్చుకొనెను. చేపదవడలో దువ్వెనను చూడగలిగిన బుద్ధి మందబుద్ధియా? బొబ్బిలి చేరువనున్న గొల్లపల్లి పనివారు ఒకే పనసమ్రానును తొలిచి, అతుకు లేకుండ వీణ చేయుదురు. ఏటికొప్పాకవారు అంకుడుకర్రకు లక్కరంగు లెక్కించి బొమ్మలు చేయుదురు. ఇవి ఒక్క తరమున వచ్చు విద్యలు కావు.

ఇక రెండవ అపవాదము, వలస. ఇది అన్నింటికంటె అన్యాయమైనది, ఏలననగా ఇది వారి కష్టమునే వారి దోషముగా లెక్కించుచున్నది.

గోదావరీ కృష్ణా మండలములవారు స్థిరముగా వ్యవసాయము చేసికొనుచుండగా వీరేల ఊరు విడిచిపోవుచున్నారని అడుగుదురు. ఈ ప్రశ్నకు జవాబు మనుష్యుల స్వభావములో లేదు, ఆనకట్టల తేదీలలో ఉన్నది. ధవళేశ్వరమున గోదావరికి ఆనకట్ట 1847లో ప్రారంభమై 1852లో ముగిసెను. బెజవాడయొద్ద కృష్ణకు 1855 నాటికి ఆనకట్ట ఏర్పడెను. నాగావళిపై తోటపల్లి రెగ్యులేటరు 1908లో వచ్చెను. వంశధారపై గొట్టా బ్యారేజి 1970 దశకమునగాని రాలేదు. అనగా గోదావరికిని వంశధారకును నడుమ నూటయిరువది సంవత్సరములకు పైబడిన అంతరము. ఒక రైతుకుటుంబమునకు ఇది నాలుగైదు తరముల కాలము. ఈ సీమలో వాన కొదువ గాదు. ఒడిశా కొండలలో పుట్టిన ఈ రెండు నదులును వరదవచ్చినప్పుడు ఊళ్లను ముంచి, రెండుమూడు దినములలో సముద్రమున కలియును. ఆపి నిలుపు ఏర్పాటే కొదువ.

ఆ ఏర్పాటు ఏల జరుగలేదు? 1802 మొదలు ఇక్కడ శాశ్వత శిస్తుపద్ధతి నెలకొల్పబడెను. జమీందారు సర్కారునకు కట్టవలసిన పేష్కషు ఇంతయని శాశ్వతముగా నిర్ణయమయ్యెను. కాలువ త్రవ్వి పంట రెట్టింపు చేసినను సర్కారునకు ఆ పేష్కషుపై ఒక రూకయైనను ఎక్కువ రాదు. రాబడి లేనిచోట కుంపిణీవారు సొమ్ము పెట్టుదురా? గోదావరీమండలమునందన్ననో, అప్పటికే పలు జమీందారీలు బాకీలక్రింద సర్కారు వశమై యుండెను. అక్కడ పంట పెరిగినచో శిస్తు పెరుగును. కాటన్ దొరగారి ప్రజ్ఞను, దయను నేను తక్కువ చేయుటలేదు. దయకు తోడు ఖజానాకు లాభముకూడ కలిసివచ్చిన చోటనే ఆనకట్ట లేచినదని మాత్రము చెప్పుచున్నాను. కళింగాంధ్రమున జమీందారీలు 1948నాటి రద్దు చట్టము వచ్చువరకును నిలిచినవి.

ఇంకొక సంగతి. ఆనకట్టలు లేని కాలమున ఆ డెల్టాలవారు మాత్రము ఊరు విడువకుండిరా? 1832–33 నాటి గుంటూరు కరువునందు జనులు గుంపులు గుంపులుగా ఇల్లువాకిళ్లు విడిచిపోయిరి. దారులవెంట శవములు పడియుండెను. కాటన్ దొర రాకకు ముందు గోదావరీమండలమున జనసంఖ్య పెరుగుటకు మారు తరిగిపోయెను. అప్పటి ఆ మండలములవారే, కాలువనీరు పారిన పిమ్మట లోకమునకు అన్నము పెట్టిరి. స్వభావము మారినదా, నీరు వచ్చినదా? నీటికిచెందిన కీర్తిని వారి నెత్తికిని, నీరు లేమికిచెందిన అపకీర్తిని వీరి నెత్తికిని ఎత్తుట ఏమి న్యాయము?

ఊరిలో పనిలేనప్పుడు వీరు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. భీమునిపట్టణము, కళింగపట్టణము, విశాఖపట్టణము రేవులనుండి ఓడలెక్కి రంగూనునకు పోయిరి. అక్కడి రేవులో బస్తాలు మోసిరి, బియ్యపుమిల్లులలో పనిచేసిరి. సంపాదించినదానిలో తాము తిన్నది కొంచెము, ఇంటికి పంపినది ఎక్కువ. కోరంగి రేవు పేరునుబట్టి అక్కడివారు వీరిని కోరంగీలని పిలిచిరి. ఆ మాట కాలక్రమమున తిట్టుగా మారెను. ఊరిలో ఒక ఎగతాళి, పరదేశమున మరియొక ఎగతాళి! 1930 మే నెలలో రంగూను రేవుకూలీలు కూలి పెంచవలెనని పని మానిరి. ఓడలవారు బర్మావారిని పనిలోనికి దించిరి. తరువాత రాజీపడి పాతవారిని రమ్మనగా ఇరువురు కూలీలకు నడుమ కలహము రేగి, తెలుగువారనేకులు హతులైరి. 1942లో జపానుసేనలు రంగూనును ఆక్రమించినప్పుడు ఓడచీటి దొరకనివారు ఆరకాను దారిని, మణిపురపు కొండలదారిని పిల్లలను భుజములమీద మోసికొని నడిచివచ్చిరి. వచ్చినవారెందరో, దారిలో రాలినవారెందరో! బర్మానుండి తిరిగివచ్చినవారిని తలపించుచు విశాఖపట్టణములో బర్మా పేరు పెట్టుకొన్న వాడ కలదు. ఈ నడకను నడిచిన జాతిని సోమరులనుటకు నోరెట్లు వచ్చును?

నేటికిని ఆ కథ ముగియలేదు. హైదరాబాదులోను, చెన్నపట్టణములోను ఆకాశమంటు మేడలు లేచుచున్న చోటికి పోయి చూడుడు. ఇటుక మోయు చేతులు ఎచ్చటివో అడుగుడు. శ్రీకాకుళపు తీరమున సరియైన రేవు లేక, మత్స్యకారులు దేశమునకు అడ్డముగా ప్రయాణముచేసి గుజరాతునందలి వేరావలు పోయి అక్కడి పడవలపై చేపలు పట్టుచున్నారు. 2018లో అట్లు పోయినవారిలో కొందరు సముద్రమున సరిహద్దు దాటిరని పాకిస్తానువారిచే బంధింపబడి, 2020 జనవరిలోగాని విడుదల కాలేదు. ఇంటి ముందరనే సముద్రముండగా వేరొక సముద్రమును వెదకికొనిపోవువాడు తిరుగుబోతా? ఇంటివారి కడుపునకై తిరుగువాడా?

ఇక మూడవ అపవాదము, మాట. దీనినిగూర్చి పండితుడనైన నేను కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది.

కళింగాంధ్రుడు 'ఏటి' అనగానే నవ్వుదురు. 'ఏమిటి' అనుమాటలో నడిమి ఇకారము జారిపోగా 'ఏంటి' అయినది. అది నాగరికమని పట్టణములందు చెల్లుచున్నది. మరియొక అడుగు ముందునకు వేసి నాసికాధ్వని కూడ జారిపోగా 'ఏటి' అయినది. ఒక అక్షరము జారినచో నాగరికము, రెండు జారినచో మోటు అని చెప్పు వ్యాకరణమెక్కడ నున్నది? 'వెళ్తాను' అనుటకు 'ఎల్తాను' అందురని నవ్వుదురు. 'వ్రాయుట' అను మాటలోని వకారమును తెలుగువారందరు ఏనాడో విడిచి 'రాయుట' అనుచున్నారు. అచట వకారము విడిచినవారు ఇచట విడిచినవారిని చూచి నవ్వుట వింత గాదా? 'నాను' అందురని నవ్వుదురు. మన భారతకవుల కాలమున 'ఏను' అనురూపము గ్రంథములందు వెలసియుండెను. తరువాత 'నేను' నిలిచెను. 'నా', 'నాకు', 'నాది' అను రూపములతో కలిసిపోవు 'నాను' మన పొరుగున కన్నడమునందు సాధురూపము. బెంగుళూరిలో సాధువైన శబ్దము శ్రీకాకుళమున అసాధువు ఎట్లగును? 'బేగి రా' అందురు. అది సంస్కృతపు 'వేగ'శబ్దమే. వకారము బకారమగుట పొరుగుననున్న ఒడియాలో సర్వసామాన్యము. అక్కను 'అప్ప' అందురు. ఆ శబ్దము మన నిఘంటువులలో గౌరవముగా కూర్చున్నదే. కాబట్టి ఇవి చెడిన మాటలు గావు. కొన్ని ప్రాతవి, కొన్ని పొరుగువి, కొన్ని అన్ని భాషలందును జరుగు మార్పులవలన ఏర్పడినవి.

ఇంతకంటె విచిత్రమైన విషయమొకటి కలదు. మనము నేడు పత్రికలందు, పుస్తకములందు, బడులందు వాడుచున్న వ్యావహారికభాష కొరకు పోరాడినవారెవరు? వంశధారాతీరమున పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న జన్మించిన గిడుగు వెంకట రామమూర్తిపంతులుగారు. 1862లో రాయవరమున జన్మించి విజయనగరమున జీవించిన గురజాడ అప్పారావుగారు. కన్యాశుల్కము 1892లో విజయనగరమున రంగమెక్కి, 1897లో అచ్చయ్యెను. గిడుగువారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై యుండి, అడవులలోని సవరలవద్దకు పోయి వారి భాషను నేర్చి, లిపిలేని ఆ భాషకు వ్యాకరణమును, నిఘంటువును కూర్చిరి. ఎవరును మనుష్యభాషగానైన లెక్కింపనిదానికి ఆయన శాస్త్రగౌరవము చేకూర్చెను. నోటిమాటకు విలువయున్నదను సత్యమును ఆయన మొదట ఆ కొండలలో కనుగొని, పిమ్మట తెలుగునకు అన్వయించెనని నేను తలంచుచున్నాను. ఆయన పుట్టినదినమును మనము తెలుగుభాషాదినోత్సవముగా జరుపుకొనుచున్నాము.

నన్ను చదివించిన గురువులు గిడుగువారి వాదము నంగీకరించినవారు గారు. నేనును, మీరు వినుచున్నట్లు, ఈనాటికిని ప్రాతరీతినే మాటలు కూర్చుచున్నాను. అయినను ప్రతిపక్షిలోని గొప్పదనమును దాచుట పండితధర్మము గాదు. ఆయన గెలిచెను. ఆ గెలుపులో ఒక విషాదముకూడ కలదు. గిడుగువారు కోరినది శిష్టుల వాడుకభాష. ఆ శిష్టులెవరన్న నిర్ణయము కాలక్రమమున ఆనకట్టల క్రింద ధనమును, ముద్రణాలయములును పెరిగిన నడిమి మండలములకు చెందెను. అక్కడి చదువుకొన్నవారి మాట పుస్తకములకెక్కెను. వాడుకమాటకై పోరినవారి సీమలోని వాడుకమాట హాస్యగాని పాలయ్యెను. ఇల్లు కట్టినవాడు వాకిట నిలిచియుండగా, లోనికి వచ్చినవారు వానిని చూచి నవ్వినట్లున్నది.

అయినను ఆ సీమ కలము ఊరకుండలేదు. చాగంటి సోమయాజులు, రాచకొండ విశ్వనాథశాస్త్రి, కాళీపట్నం రామారావు మున్నగువారు తమవారి పలుకుబడులతోనే తెలుగుకథను మెట్టెక్కించిరి. రామారావుగారు నావలెనే బడిపంతులు. ఆయన 1997లో శ్రీకాకుళమున కథానిలయమును నెలకొల్పి, తెలుగుకథలన్నింటికిని ఒకచోట నీడ కల్పించెను. తెలుగువారందరి కథలను భద్రపరచిన ఊరు ఆ ఊరే. సంగీతమందన్ననో, 1919లో విజయనగరమున సంగీతకళాశాల వెలసినప్పుడు దానికి తొలి అధ్యక్షుడు అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారు. ఆయన పిమ్మట ఆ పీఠ మలంకరించినవారు ద్వారం వెంకటస్వామినాయుడుగారు. కృష్ణాతీరమునుండి ఘంటసాల వెంకటేశ్వరరావు పాటను వెదకికొనుచు పోయినది ఆ విజయనగరమునకే. అప్పుడు ఆయన ఎవరి యాసను చూచియు నవ్వలేదు.

ఇంత చెప్పుటకు కారణమొకటి కలదు. నా పాఠశాలలో ఒక బాలుడు చదివెను. కంఠము మంచిది. పద్యము పాడినచో తరగతి అంతయు నిశ్శబ్దమగును. పదవతరగతి ముగించి దూరపు పట్టణమున పై చదువునకు పోయెను. అచ్చట వాడు నోరు తెరచినప్పుడెల్ల తోటివారు వాని మాటను తిప్పి పలుకుచుండిరట. కొన్నాళ్లకు వాడు తరగతిలో మాటలాడుట మానెను. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు నేను వారి అరుగుమీద కూర్చుండియుంటిని. వాని నాయనమ్మ ఎదురువచ్చి, "ఎప్పుడొచ్చినావురా గుంటడా, బువ్వ తిన్నావేటి?" అని అడిగెను. వాడు పట్టణపు మాటలను ఒక్కొక్కటిగా ఏరి కూర్చి, "ఇప్పుడే వచ్చాను, భోజనం చేశాను" అనెను. ఆ ముసలమ్మ ఒక క్షణము వానిని తేరిపార చూచి, "అలాగా బాబూ" అని లోనికి పోయెను. తన మనుమని ఆమె పరాయివారిని పిలిచినట్లు పిలిచెను. వాడు తలవంచుకొనెను. ఎగతాళివలన కలుగు నష్టమెంతో నాకు ఏ గ్రంథమును అంత స్పష్టముగా చెప్పలేదు. ఒక పిల్లవాడు బడిలో మాట పోగొట్టుకొనెను, ఇంటిలో నాయనమ్మను పోగొట్టుకొనెను.

పుస్తకభాష నేర్పవలదని నేననను. నేను జీవితమంతయు నేర్పినది అదియే. కాని పెరటితోటలోనికి క్రొత్తమొక్కను తెచ్చుటకు ఇంటిముందరి చెట్టును నరుకవలసిన పనిలేదు. ఇది నాయనమ్మతో మాటలాడుమాట, ఇది పరీక్షలో వ్రాయుమాట, రెండును నీవేయని చెప్పినచో పిల్లవానికి రెండును వచ్చును. మొదటిదానిని చూచి సిగ్గుపడుమన్నచో రెండవదియు సరిగా రాదు.

నావారిలో దోషములు లేవని నేను వాదించుటలేదు. చదువున వెనుకబాటు ఉన్నది. త్రాగుడు సంసారములను కూల్చుచున్న ఊళ్లున్నవి. తమకంటె కొండవాడు తక్కువయని ఎంచు మైదానపువారు మా సీమలోను కలరు. తాము నవ్వబడినందులకు నొచ్చుకొని, మరల తాము ఇతరులను చూచి నవ్వువారును కలరు. ఈ దోషములను దిద్దుకొనవలసినదే. కాని దోషము మనుష్యునిది, అపవాదము జాతికి అంటగట్టునది. ఒకడు త్రాగినచో వాడు త్రాగుబోతు. వాని జిల్లా త్రాగుబోతు గాదు. ఇదే న్యాయమును రాయలసీమవారికిని, తెలంగాణమువారికిని, అన్ని సీమలవారికిని వర్తింపజేయవలెను. మా సీమకొక ప్రత్యేకమైన మర్యాదను నేను అడుగుటలేదు.

శ్రోతలారా! ఈసారి మీ వీధిలో మేడ కట్టుచున్న కూలివాడు 'ఏటి బావూ' అని పలికినప్పుడు, ఆ మాట వెనుక ఏమేమి కలదో ఒక్కసారి స్మరింపుడు. నూటయిరువదియేండ్లు ఆలసించిన నీరు కలదు. రంగూనునుండి నడిచివచ్చిన దారి కలదు. పోలీసులకు అడ్డుపడిన గున్నమ్మ కలదు. మీరును నేనును నేడు చదువుచున్న తెలుగునకు మార్గము చూపిన మహనీయులు కలరు. వానిని మెచ్చుకొనుడని నేను కోరను. వాని మాటకు నవ్వక, "ఏ ఊరు బాబూ మీది?" అని అడిగి, వాడు చెప్పునది కొంచెము వినుడు. నా మనవి అంతియే.

సెలవు.